కంపెనీ పిలిచింది, కానీ ఎవరిని?

విజయవాడ ఆటోనగర్‌లో ఆదివారం సగం షట్టర్లు దించే ఉంటాయి. దించని షెడ్డుల్లో మా మెకానిక్ గారిది ఒకటి. నా కారు బ్రేకు ప్యాడ్లు మార్పించుకుందామని వెళ్లాను గానీ నా పని మొదలే కాలేదు. నాకంటే ముందొచ్చిన ఓ తెల్ల టాక్సీ వెనక సీటు పీకి బయట పెట్టి ఉంది. దాని ఫ్యూయల్ పంపు పాత పేపరు మీద పడుకుని పెట్రోలు కంపు కొడుతోంది. పొద్దున్నే స్టార్టవడానికి మొరాయిస్తోందనీ, మొన్నొకసారి మంగళగిరి దాటాక హైవే మీద పోతూ పోతూ ఆగిపోయిందనీ టాక్సీ ఆయన ఫిర్యాదు.

అదే సమయానికి మెకానిక్ గారి మేనల్లుడు బిర్యానీ పొట్లాలతో వచ్చాడు. చిన్నప్పుడు ఈ షెడ్డులోనే పానాలు అందించిన కుర్రాడు. ఇప్పుడు ఆ టాక్సీ కంపెనీ షోరూములోనే సర్వీస్ అడ్వైజరు. టక్ చేసిన చొక్కా, మెడలో ఐడీ కార్డు. బిర్యానీ చల్లారిపోయేదాకా మామా అల్లుళ్ల మధ్య నడిచిన వాదన ఇది. నాకు గుర్తున్నంత మేరకు రాస్తున్నాను.

అల్లుడు: మావయ్యా, ఆ పంపు పారెయ్యకు. ముందు బండి ఛాసిస్ నెంబరు చెప్పు.

మావయ్య: నెంబరుతో పనేంట్రా? ప్రెజరు చూశా, పంపు చచ్చింది. కొత్తది తెమ్మని కుర్రాణ్ణి పంపబోతున్నా.

అల్లుడు: పంపకు. రెండు నిమిషాలాగు.

టాక్సీ ఆయన ఆర్‌సీ కార్డు తీసిచ్చాడు. మెకానిక్ గారు నుదుటి మీది కళ్లజోడు కిందకి లాగి ఒక్కొక్క అక్షరమే చదివారు.

మావయ్య: ...నాలుగు, ఓ, ఏడు...

అల్లుడు: అది ఓ కాదు, సున్నా. ఛాసిస్ నెంబర్లో ఓ ఉండదు, ఐ ఉండదు, క్యూ ఉండదు. సున్నా అనో ఒకటి అనో పొరబడతారని ఆ మూడక్షరాలూ తీసేశారు. మొత్తం పదిహేడుండాలి.

మావయ్య: నలభై ఏళ్లుగా నా పుస్తకంలో ఓ అనే రాస్తున్నా. ఏ బండీ అలగలేదు.

అల్లుడు: కంప్యూటరు అలుగుతుంది. ఇదిగో, చూడు. రీకాల్ పెండింగ్. అంటే లోపమున్న పార్టు మార్చడానికి కంపెనీ బండిని వెనక్కి పిలిచింది. ఫ్యూయల్ పంపే! అన్నా, నీకు పైసా ఖర్చు లేదు. షోరూముకి తెస్తే ఊరికే మార్చిస్తారు.

‘మరి నాకెవరూ చెప్పలేదే!’ అన్నాడు టాక్సీ ఆయన.

అల్లుడు: చెప్పాం. మెసేజీలు పెట్టాం, ఫోన్లు చేశాం, ఉత్తరం వేశాం. మా దగ్గరున్నది మొదటి ఓనరు ఫోన్ నెంబరు. ఆయన ఇంకొకరికి అమ్మాడు, వాళ్ల దగ్గర నువ్వు కొన్నావు. ఆర్‌సీలో పేరు మారింది గానీ మా రికార్డులో మారలేదు.

మావయ్య: బాగుందిరా. పాత అద్దింటి అడ్రసుకి శుభలేఖ వేసి, చుట్టాలు పెళ్లికి రాలేదని అలిగినట్టుంది. ఇతని ఇన్సూరెన్సు అయిపోడానికి నెల ముందునుంచే రోజుకి నాలుగు ఫోన్లొస్తాయి. వాళ్లకి దొరికిన నెంబరు మీ కంపెనీకెందుకు దొరకదు?

అల్లుడు దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. (నాకూ అలాంటి రీకాల్ మెసేజొకటి వచ్చిన గుర్తు. క్రెడిట్ కార్డు వాళ్లదనుకుని చెరిపేశాను. ఆ సంగతి అక్కడ పైకి అనలేదు.)

అల్లుడు: సరే, అది మా తప్పే అనుకో. కానీ ఈ పంపులో ఏముందో తెలుసా? లోపల ఇంపెల్లర్ ఉంటుంది, పళ్లున్న చిన్న ప్లాస్టిక్ బిళ్ల. అది గిర్రున తిరిగితేనే ట్యాంకులోంచి పెట్రోలు ఇంజనుకి ఎక్కేది. కొన్ని లాట్లలో ఆ ప్లాస్టిక్ గట్టిగా రాలేదు. పెట్రోలు పీల్చుకుని ఉబ్బుతుంది. ఉబ్బితే పక్కనున్న గోడకి రాసుకుంటుంది, పంపు బిగుసుకుపోతుంది. ఒక్క కంపెనీ గొడవ కాదు ఇది. హోండా వాళ్లు మన దేశంలో ఇలాంటి పంపులకే 2020లో 65,651 కార్లని, 2024లో ఇంకో 90 వేల పైచిలుకు కార్లని పిలిచారు.

మావయ్య: ఉబ్బిన సంగతి నాకు చెప్పక్కర్లేదు. చేత్తో తిప్పి చూస్తేనే తెలిసింది, నలగని పప్పు మీద రోకలి ఆగినట్టు ఆగుతోంది. నాకు తెలియనిది ఒక్కటే, ఇది కంపెనీ తప్పని. ఆ ముక్క ఎవరన్నా చెప్పుంటే ఇతని చేత డబ్బు పెట్టించబోయేవాణ్ణి కాదు. పోనీ, ఇప్పుడు తెలిసింది. ఆ కొత్త పంపు నాకు ఇప్పించు. అరగంటలో బిగిస్తా.

అల్లుడు: ఇవ్వరు మావయ్యా.

మావయ్య: డబ్బిస్తానన్నా?

అల్లుడు: డబ్బు గొడవ కాదు. రీకాల్ పని మామూలు రిపేరులాగా నడవదు. బండి రాగానే నెంబరు కొడతాం, ఫలానా క్యాంపెయిన్ కింద పని బాకీ ఉందని కంప్యూటరు చూపిస్తుంది. దాని కోడ్ మీద జాబ్ కార్డు తెరుస్తాం. కొన్ని బండ్లకి ముందు చూడమంటారు. పార్టు మీద లాటు నెంబరు ఆ వరసలో ఉంటేనే మార్చాలి, లేకపోతే సరే అని రాసి పంపెయ్యాలి. మార్చిన పార్టుకి ట్యాగు కట్టి దాచాలి, కంపెనీ వాళ్లు అడిగితే చూపించాలి. కొత్త పార్టు ఏ బండికి పడిందో ఎక్కించాలి. అప్పుడే క్లెయిమ్ పాసవుతుంది. అప్పుడే ఆ పదిహేడంకెల పక్కన ‘పూర్తి’ అని పడేది. నువ్వు ఇక్కడ బిగిస్తే బండి నడుస్తుంది గానీ రికార్డులో జీవితాంతం పెండింగే.

మావయ్య: రికార్డు కోసం బండా, బండి కోసం రికార్డా?

అల్లుడు: నవ్వులాట కాదు. రికార్డు లేకపోతే ఏమవుతుందో అమెరికాలో జనరల్ మోటార్స్ చూపించింది. షెవ్రొలే కోబాల్ట్ అని ఒక కారు. తాళం తిప్పే స్విచ్చిలో పట్టు చాలక, తాళాలగుత్తి బరువుకో, మోకాలు తగిలో తాళం దానంతటదే వెనక్కి జారేది. కారు పోతూ ఉండగానే ఇంజను ఆగిపోయేది. పవర్ స్టీరింగు ఉండదు, గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగు విచ్చుకోదు. 2006లో ఎవరికీ చెప్పకుండా ఆ స్విచ్చిని మార్చి బలంగా చేశారు. కానీ పార్టు నెంబరు పాతదే ఉంచేశారు! ఇక ఏ డబ్బాలో ఏ స్విచ్చి ఉందో ఎవడికి తెలుస్తుంది? 2014కి గానీ రీకాల్ రాలేదు. ఆ స్విచ్చి గొడవలో 26 లక్షల కార్లు. చచ్చిపోయినవాళ్లు 124 మంది అని పరిహారం ఇచ్చిన నిధే తేల్చింది. అందుకే ఏ పార్టు ఎక్కడ పడిందో పక్కాగా ఉండాలంటాం.

మెకానిక్ గారు చేతులు తుడుచుకుంటున్న గుడ్డ ఆపేశారు. నెంబరు మార్చకుండా పార్టు మార్చడమన్నది ఆయనకి బాగా తగిలిందని మొహంలోనే తెలిసింది. ఆయన వృత్తిలో అది తప్పుడు సాక్ష్యం లాంటిది.

మావయ్య: మరి ఎలా బయటపడింది?

అల్లుడు: ఒకమ్మాయి యాక్సిడెంటులో పోయింది. వాళ్ల లాయరు పెట్టుకున్న ఇంజనీరొకాయన ఆ కారు స్విచ్చిని, షాపులో కొన్న కొత్త స్విచ్చిని పక్కపక్కన పెట్టి విప్పాడు. కొత్తదాంట్లో స్ప్రింగు పొడుగ్గా ఉంది. నెంబరు మాత్రం రెండిటికీ ఒకటే.

మావయ్య: చూశావా! నీ కథలో దొంగని పట్టుకున్నది షోరూమూ కాదు, కంపెనీ కంప్యూటరూ కాదు. బయటివాడు. రెండు ముక్కలు బల్ల మీద పెట్టి విప్పి చూసినవాడు. నాలాంటోడు. అలాంటివాళ్లనే మీరు తలుపవతల నిలబెడుతున్నారు.

అల్లుడు: ఒక ఇంజనీరు కేసు కోసం విప్పడం వేరు, ఆటోనగర్లో వందమంది వంద రకాలుగా విప్పి బిగించడం వేరు. ఫ్యూయల్ పంపు సరే, నీకు చేతనవుతుంది. ఎయిర్‌బ్యాగో? బ్యాటరీ వైరు తియ్యకుండా చేయి పెడితే మొహం మీద పేలుతుంది.

మావయ్య: ఎయిర్‌బ్యాగు నేను ముట్టుకోను. ఆ మాట ఎప్పుడో చెప్పా. నేనడిగేది పార్టు కాదురా, కబురు. ఏ బండికి ఏ జబ్బో నా షెడ్డుకి చెప్పండి. పాత బండ్లు వచ్చేది నా దగ్గరికి. వారంటీ అయిపోగానే మీ షోరూము మెట్లెవరెక్కుతారు? మీ బిల్లు చూసి వెక్కిళ్లొస్తాయి జనానికి.

అల్లుడు: కంపెనీ వెబ్‌సైట్లో ఎవరైనా నెంబరు కొట్టి చూసుకోవచ్చు. ఇప్పుడు నేను చేసిందదే. నీ దగ్గరా ఫోనుంది కదా?

మావయ్య: ఉంది. నాకు తెలియదన్న సంగతి నీకు తెలుసు కదా? నాలుగేళ్లుగా ఆదివారమాదివారం వస్తున్నావు.

ఈ దెబ్బకి అల్లుడు తల దించుకున్నాడు. బిర్యానీ పొట్లం దారం విప్పబోయి మానేశాడు. నా ఉద్దేశంలో ఆ మధ్యాహ్నం గెలుపోటములు అక్కడే తేలిపోయాయి. వాదన మాత్రం ఆగలేదు. మామ ఆపే మనిషి కాదు.

మావయ్య: ఇంకోటి. ఊరికే చేస్తారన్నావే, ఊరికే పంపిస్తారా? మొన్నామధ్య మన వీధి మాస్టారు ఏదో సాఫ్ట్‌వేర్ రీకాలని మీలాంటి షోరూముకే పోతే, వీల్ అలైన్‌మెంటు, ఏసీ క్లీనింగు, ఇంజను ఫ్లషింగు అని మూడు అంటగట్టారు. ఊరికే అన్న పని పూర్తయ్యేసరికి నాలుగు వేలు.

అల్లుడు: అది జరుగుతుంది. కాదనను. రీకాల్ పనికి కంపెనీ టైము కడుతుంది, ఈ పంపుకింత, ఆ స్టీరింగు రాడ్డుకింత అని. దాని ప్రకారమే లేబరిస్తుంది. బయట కస్టమరు దగ్గర వసూలు చేసే రేటు కంటే తక్కువ. ఒకే ర్యాంపు, ఇటు డబ్బులొచ్చే పని, అటు రీకాల్ పని ఉంటే మేనేజరు ఏది ముందు ఎక్కిస్తాడో నేను చెప్పాలా? కానీ మావయ్యా, రీకాల్ అనగానే అదేదో కంపెనీ పరువు తక్కువ పని అన్నట్టు మాట్లాడతావే, అది మాత్రం తప్పు. తప్పు ఒప్పుకుని పిలిచినవాడు, దాచినవాడి కంటే నయం.

మావయ్య: ఒప్పుకోవడం సరే. ఒప్పుకున్నాక ఏం చెయ్యమంటారు?

అల్లుడు: పార్టులొచ్చేదాకా జాగ్రత్తలు చెబుతారు. 2021 సెప్టెంబరులో మారుతి వాళ్లు 1,81,754 పెట్రోలు బండ్లు పిలిచారు. సియాజ్, ఎర్టిగా, విటారా బ్రెజా లాంటివి. మోటార్ జనరేటర్ యూనిట్లో లోపం. పార్టుల మార్పిడి నవంబరు మొదటి వారం నుంచి అన్నారు. అప్పటిదాకా నీళ్లు నిలిచిన చోట నడపొద్దు, కరెంటు భాగాల మీద నీళ్లు కొట్టొద్దు అని చెప్పారు.

మావయ్య: సెప్టెంబరులోనా? నీళ్లు నిలిచిన చోట నడపొద్దంటే ఆ రెండు నెలలు విజయవాడలో బండి మంచం మీద పెట్టాల్సిందే. వన్ టౌన్‌లో వాన పడితే రోడ్డేదో కాలవేదో తెలీదు.

అల్లుడు: చెప్పకపోవడం కంటే చెప్పడం మేలు కదా? 2023 జనవరిలో అదే కంపెనీ 17,362 బండ్లకి ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ మార్చాలని పిలిచినప్పుడు, మార్చేదాకా బండి అసలు నడపొద్దని సూటిగా చెప్పింది. డిసెంబరు 8 నుంచి జనవరి 12 మధ్య తయారైన బండ్లు. అంటే నెల దాటగానే కనిపెట్టారు. మెచ్చుకోవాలి.

మావయ్య: మెచ్చుకుంటా. కొత్త బండి, కొత్త ఓనరు, ఫోన్ నెంబరు వేడివేడిగా ఉంది. అక్కడ మీ పద్ధతి బంగారంలా పనిచేస్తుంది. ఏడేళ్లు దాటిన బండికి?

అల్లుడు: చట్టం ప్రకారమైతే... 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఏ సెక్షన్ పెట్టారు. 2021 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వమే రీకాల్ చెయ్యమని కంపెనీని ఆదేశించొచ్చు. చెయ్యకపోతే కోటి రూపాయల దాకా జరిమానా. అంతకుముందు 2012 నుంచి కంపెనీల సంఘం తమకి తాము పెట్టుకున్న నియమాలే ఉండేవి. అయితే ఆ ఆదేశం ఏడేళ్ల లోపు బండ్లకే.

మావయ్య: ఏడేళ్లకి నా షెడ్డు మొదలవుతుందిరా! ఆ చట్టం ఎక్కడ ఆగిందో నా గుమ్మం సరిగ్గా అక్కడుంది. కోటి రూపాయలంటే మీ కంపెనీకి ఏపాటి? పొద్దుటి కాఫీ ఖర్చు.

అల్లుడు: చట్టం ఆగినా కంపెనీలు ఆగాలని లేదు. టకాటా ఎయిర్‌బ్యాగుల సంగతి విన్నావుగా? హోండా వాళ్లు 2016 జులైలో ఒక్క మన దేశంలోనే 1,90,578 పాత కార్లు పిలిచారు. అప్పటికి ఈ చట్టం పుట్టనే లేదు.

మావయ్య: ఆ జపాన్ కంపెనీదేనా? ఇనుప ముక్కలు ఎగిరాయని అన్నారు. అసలు లోపల ఏమయిందది?

ఈ ప్రశ్నలో వెటకారం లేదు. ఎక్కడో ఒక యంత్రం ఎలా చెడిందో వినాలన్న ఆత్రం మాత్రమే. అల్లుడు కూడా షోరూము గొంతు వదిలేసి, పేపరు అంచు మీద బొమ్మ గీసి చెప్పాడు.

అల్లుడు: ఎయిర్‌బ్యాగు వెనక ఇంత ఇనుప డబ్బా. అందులో మందుబిళ్లలు, అమ్మోనియం నైట్రేటువి. గుద్దుకోగానే అవి కాలి, రెప్పపాటులో గ్యాసు పుట్టి సంచి ఉబ్బుతుంది. ఆ మందుకి చెమ్మ పడదు. పగలు ఎండ, రాత్రి చల్లదనం, గాల్లో తేమ, ఇలా ఏళ్ల తరబడి నడిస్తే బిళ్ల కాస్తా పొడైపోతుంది. అప్పుడు...

మావయ్య: అప్పుడు భగ్గుమంటుంది. మొద్దు నిదానంగా కాలుతుంది, రంపపు పొట్టు ఒక్కసారే లేస్తుంది. డబ్బా తట్టుకోలేక పగిలిందన్నమాట.

అల్లుడు: అంతే. పగిలిన డబ్బా ముక్కలే డ్రైవరు మెడకి తగిలేవి. అమెరికాలో దాదాపు 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లు మార్చాల్సొచ్చింది. అక్కడ ఇంత పెద్ద రీకాల్ ఇంకోటి లేదు. టకాటా 2017లో దివాలా తీసింది. ఫ్లోరిడా లాంటి ఉక్కపోత రాష్ట్రాల బండ్లకి ముందు మార్చారు. ఓనరు రాకపోతే మెకానిక్కుని ఇంటికి పంపి మార్పించిన సందర్భాలూ ఉన్నాయి.

మావయ్య: ఉక్కపోత అంటే మనకన్నానా? మన దగ్గర ఎవరింటికన్నా పంపారా?

అల్లుడు: నాకు తెలిసి మా షోరూము నుంచి ఎవరూ వెళ్లలేదు. కానీ అమెరికా కూడా స్వర్గమేం కాదులే. అక్కడ రీకాల్ బాకీ ఉన్న కొత్త కారు అమ్మకూడదు. అద్దె కార్ల కంపెనీలు 2016 నుంచి అలాంటివి అద్దెకివ్వకూడదు. సెకండ్ హ్యాండ్ కారు మాత్రం బాకీతోనే అమ్ముకోవచ్చు, దేశమంతటికీ వర్తించే నిషేధం లేదు. డల్లాస్‌లో మన పిన్ని కొడుకు చదువుకునేటప్పుడు కొన్న డొక్కు కారు అలాంటిదే. నెంబరు కొట్టి చూస్తే రెండు పెండింగులు.

మావయ్య: అంటే సెకండ్ హ్యాండువాడు ఎక్కడైనా సెకండ్ హ్యాండువాడే.

ఇంతసేపూ ఊరుకున్న టాక్సీ ఆయన అప్పుడు లేచాడు. రేపు తెల్లవారుజామున నాలుక్కి తిరుపతి ట్రిప్పుందనీ, పార్టీ అడ్వాన్సు కూడా ఇచ్చిందనీ చెప్పి, బండి ఎప్పటికవుతుందని ఇద్దరినీ కలిపి ఒకే ప్రశ్న అడిగాడు. అల్లుడు షోరూములో ఎవరికో ఫోను చేశాడు. స్టాకు లేదు. ఆర్డరు పెడితే తొమ్మిది రోజులు.

మావయ్య: తొమ్మిది రోజులు ఇతను ఏం తింటాడు? మీ కంపెనీ రోజుకింతని ఇస్తుందా?

అల్లుడు: ఇవ్వదు. బండి తీసుకొచ్చి షోరూములో పెట్టమంటాను. ట్రక్కు మీద తెప్పించమని మేనేజర్ని అడుగుతా. ఒప్పుకోవచ్చు.

మావయ్య: నేను బయట పంపు వేసిస్తే రేపు తిరుపతి పోతాడు.

అల్లుడు: పోతాడు. కానీ మా దగ్గరికొచ్చేసరికి లోపల బయటి పంపుంటే క్లెయిమ్ కొట్టేస్తారు. నువ్వు వేసిన పంపు డబ్బు ఇతనిదే అవుతుంది. రెండోసారి ఊరికే మార్చమంటే మార్చరు. అందుకే... పాతదే మళ్లీ బిగించెయ్, మావయ్యా.

మెకానిక్ గారు చాలాసేపు అల్లుడి వైపే చూశారు.

మావయ్య: చెడిపోయిందని తెలిసిన పార్టుని నా చేత్తో తిరిగి బిగించమంటున్నావు.

అల్లుడు: అవును.

మావయ్య: బిగించి, నడపొద్దని చెప్పమంటున్నావు.

అల్లుడు: అవును.

తిరుపతి ట్రిప్పుకి టాక్సీ ఆయన తన తోడల్లుడి బండి మాట్లాడుకున్నాడు. కిరాయిలో సగం పోతుంది. ఆ లెక్క వేళ్ల మీద వేసుకుంటూ రోడ్డు మీదికి వెళ్లి మళ్లీ ఫోను పట్టుకున్నాడు.

మెకానిక్ గారు పంపుని ట్యాంకులో దించే ముందు బెంచీ కింద వెతికి ఒక చిన్న పెయింటు డబ్బా తీశారు. అగ్గిపుల్ల చివర ముంచి, పంపు మూత అంచున, ఎవరూ చూడని చోట, తెల్లటి చుక్కొకటి పెట్టారు. ఊది ఆరబెట్టారు.

‘అదేంటి?’ అన్నాను.

‘పది రోజులాగి సీటు ఎత్తి చూస్తా,’ అన్నారు. ‘చుక్క ఉండకూడదు.’

అల్లుడు అది చూశాడు. చూడనట్టు బిర్యానీ పొట్లాలు విప్పి, నాక్కూడా ఒక పేపరు ప్లేటు అందించాడు.